రెండో బెయిల్ పిటిషన్ వేరే జడ్జికి వెళ్తే ఏం చేయాలి (సమాధానం)

మీ తమ్ముడి రెండో బెయిల్ పిటిషన్‌ని బెంగళూరులోని కర్ణాటక హైకోర్టులో కొత్త జడ్జి వినకుండా పక్కన పెట్టారు, ఇప్పుడేం చేయాలని అడిగారు. మొదటి బెయిల్ కొట్టేసిన జడ్జే రెండోది కూడా వినాలని సుప్రీంకోర్టు 1987 నుంచీ చెప్తోంది, పక్కన పెట్టింది బహుశా అందుకే. ఒక బెంచ్‌లో (కేసు వినే జడ్జి దగ్గర) బెయిల్ రాకపోతే ఇంకో బెంచ్ అని జనం తిరక్కుండా ఈ పద్ధతి.

1. ముందు రోస్టర్ (ఏ జడ్జి ఏ కేసులు చూస్తారో చెప్పే కోర్టు జాబితా) చూడండి. పాత జడ్జి రిటైరైనా, ట్రాన్స్‌ఫరైనా, ఇప్పుడు బెయిల్ మ్యాటర్లు చూడకపోయినా ఇంకో జడ్జి వినొచ్చు.

2. అందరూ మిస్సయ్యేది ఇక్కడే. పాత పిటిషన్ వివరాలు, ఆర్డర్ కాపీ కొత్తదాంట్లోనే పెట్టాలి, 2024 జనవరిలో కుశ దురుక అనే నిందితుడి బెయిల్ కేసులో సుప్రీంకోర్టు ఇది గట్టిగానే చెప్పింది. విత్‌డ్రా చేసుకున్నదైనా రాయాల్సిందే, "కొట్టేయలేదు కదా" అని చాలామంది వదిలేస్తారు, తర్వాత దాచారన్న మాట పడుతుంది, అది బెయిల్ రాకపోవడం కంటే పెద్ద తలనొప్పి.

3. పాత ఆర్డర్ తర్వాత ఏం మారిందో రాయించండి. చార్జిషీట్ పడిందా, ముఖ్యమైన సాక్షుల విచారణ అయిందా, అలాంటివి. పాత వాదనే మళ్ళీ పెడితే ఏ జడ్జి దగ్గరైనా లాభం లేదు.

పాత జడ్జి ఇంకా బెయిల్సే చూస్తుంటే, ఆయన ఇచ్చిన పాత ఆర్డర్ జతచేసి, పిటిషన్‌ని ఆ బెంచ్ ముందే విచారణకి పెట్టమని మీ లాయర్‌తో మెమో (కోర్టుకిచ్చే చిన్న రాతపూర్వక విన్నపం) వేయించండి.