రేడియేటర్‌కి రాయి దెబ్బ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో పాత హోండా సిటీని టూరింగ్ క్లాసులో నడుపుతున్నాం. బరువు తగ్గుతుందని ఏసీ సామానంతా పీకేశాం. ఆ తర్వాత రెండుసార్లు రేడియేటర్‌కి చిల్లు పడింది. అంతకుముందు ఒక్కసారీ పడలేదు. ఏసీకీ దీనికీ సంబంధం ఉందా?
- అంబత్తూరు, చెన్నై

జవాబు: ఉంది. రేడియేటర్‌కి ముందు ఉండేది ఏసీ కండెన్సరే. ఇన్నాళ్లూ రాళ్ల దెబ్బలన్నీ అదే తిన్నది. తీసేసిన కండెన్సర్ ఇంకా మీ షెడ్డులో ఉంటే ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. ముందువైపు ఫిన్లు (వేడిని గాలికి వదిలే సన్నటి రేకులు) ఎక్కడెక్కడ నలిగి ఉన్నాయో, రేడియేటర్‌కి సరిగ్గా అక్కడే కాపు కావాలి. ముందు కారు కర్బ్ (ట్రాక్ అంచు గట్టు) దాటి మట్టిలో ఒక చక్రం పెట్టిందంటే, వెనక అంటుకుని వస్తున్న మీ కారు ముక్కు మీద కంకర కురుస్తుంది. రేసింగ్ లైను పక్కన పేరుకునే రబ్బరు ఉండలు కోర్‌ని (రేడియేటర్‌లో ట్యూబులు, ఫిన్లు ఉండే నడిమి భాగాన్ని) చిల్లు చేయవు కానీ గాలి దారి మూసేస్తాయి.

కండెన్సర్ స్థానంలో స్టెయిన్‌లెస్ అల్లిక జాలీ పెట్టండి. ప్యారిస్ కార్నర్ హార్డ్‌వేర్ వీధుల్లో 'నాలుగు మెష్, పంతొమ్మిది గేజ్' అని అడగండి. అంగుళానికి నాలుగు గళ్లు, తీగ మందం సుమారు 1 మి.మీ. గడి 5.3 మి.మీ. వస్తుంది, గాలికి 70 శాతం ఖాళీ మిగులుతుంది. ఇంకా సన్నది మేలనుకుని ఎనిమిది మెష్, 22 గేజ్ తీసుకుంటే ఖాళీ 60 శాతానికి పడిపోతుంది. దోమల జాలీ జోలికి అసలు పోవద్దు, రబ్బరు పొడితో నాలుగైదు ల్యాపుల్లోనే మసకబారుతుంది.

జాలీకి, కోర్‌కి మధ్య 30 నుంచి 40 మి.మీ. ఎడం ఉంచండి. రాయి తగిలినప్పుడు జాలీ లోపలికి గిన్నెలా సొట్టపోతుంది, ఎడం లేకపోతే ఆ సొట్టే ఫిన్లను నలిపేస్తుంది. అంచుల్ని 12 మి.మీ. అల్యూమినియం పట్టీల మధ్య బిగించి చట్రం చేయండి, నాలుగు మూలలా రబ్బరు గ్రామెట్లు వేసి 6 మి.మీ. బోల్టులతో కారు బాడీకి పట్టించండి, రేడియేటర్‌కి కాదు. ఫిన్ల మధ్యనుంచి జిప్ టై దూర్చి జాలీ కట్టడం పిట్‌లో తరచూ కనిపించే పని. టై వణుకుతూ వణుకుతూ ట్యూబుని కోసేస్తుంది. రాయి చేయని చిల్లు మన చేత్తో మనమే పెట్టుకున్నట్టు.

ప్రశ్న: సింగిల్ సీటర్‌లో సైడ్‌పాడ్ (కారు పక్కన రేడియేటర్ ఉండే గూడు) మూతి దగ్గర జాలీ పెట్టాక నీళ్ల టెంపరేచర్ 92 నుంచి 101కి పోయింది. పెద్ద రేడియేటర్ వేయమంటున్నారు. వేయాలా?
- గిండీ, చెన్నై

జవాబు: ఆగండి. 92 ఎప్పుడు చూశారు, 101 ఎప్పుడు చూశారు? రేడియేటర్ బయటికి పంపే వేడి, నీళ్లకీ గాలికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుని ఉంటే, పొద్దున్న 30 డిగ్రీల గాలిలో 92 చూపించిన కారు మధ్యాహ్నం 38 డిగ్రీల గాలిలో జాలీ లేకపోయినా 100 దగ్గరికి వస్తుంది. చెన్నైలో ఆ పొద్దున్నకీ మధ్యాహ్నానికీ ఉన్న తేడాని జాలీ నెత్తిన వేయడం అన్యాయం. ఒకే పూట, జాలీతో అయిదు ల్యాపులు, లేకుండా అయిదు ల్యాపులు తిప్పి చూడండి.

అప్పుడూ నాలుగైదు డిగ్రీల తేడా ఉంటే తప్పు జాలీది కాదు, చోటుది. డక్ట్ (రేడియేటర్‌కి గాలి తెచ్చే దారి) మూతి 300 చదరపు సెంటీమీటర్లు, కోర్ 900 అనుకోండి. కోర్ దగ్గరికి వచ్చేసరికి గాలి వేగం మూడో వంతుకి తగ్గుతుంది. జాలీ తినే ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అదే జాలీ కోర్ ముందు తినేది మూతి దగ్గర తినేదాంట్లో తొమ్మిదో వంతే. జాలీని లోపలికి జరపండి. మూతి దగ్గర ఏదో ఒకటి ఉండాలని మనసు ఒప్పుకోకపోతే 12 మి.మీ. గళ్ల ముతక జాలీ చాలు, గుప్పెడంత రాయిని అది ఆపుతుంది.

తర్వాత సందులు. చీకట్లో రేడియేటర్ వెనక లైటు పెట్టి మూతిలోంచి చూడండి. ఫిన్ల మధ్యనుంచి కాక పక్కలనుంచి వెలుగు కనిపించిన ప్రతిచోటా గాలి కోర్‌ని తప్పించుకుని పోతోందన్నమాట. అల్యూమినియం రేకు, నీరు పీల్చని ఫోమ్ పట్టీ పెట్టి మూసేయండి. జాలీ పోగొట్టినదాన్ని చాలా కార్లలో ఈ ఒక్క పనే తిరిగి తెస్తుంది. పెద్ద రేడియేటర్ ఆఖరి మాట.

ఇంతకీ 101 మరిగే వేడి కాదు. 1.1 బార్ మూత సరిగా పట్టి ఉంటే నీళ్లు 121 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు గట్టిపడి ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు.

ప్రశ్న: విద్యార్థుల రేసు కార్ల పోటీ ఫార్ములా భారత్ కోసం కారు కడుతున్నాం. రేడియేటర్ ముందు చక్రానికి సరిగ్గా వెనక ఉంది. నీళ్లలో కూలెంట్ కలపొచ్చా?
- ఇంజనీరింగ్ విద్యార్థులు, తాంబరం

జవాబు: కలపకూడదు. ఫార్ములా స్టూడెంట్ నిబంధనల ప్రకారం ఒట్టి నీళ్లే. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ట్రాక్ మీద కారితే నూనెలా జారుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోయండి, పోటీ అయ్యాక పూర్తిగా దింపి ఆరబెట్టండి, లేదంటే అల్యూమినియం లోపల తెల్లగా పొడి పడుతుంది. చక్రం విసిరే రాయి కిందనుంచి పైకి వస్తుంది కాబట్టి సైడ్‌పాడ్ కింది పెదవిని 40 మి.మీ. పైకి లేపండి. జాలీ పై అంచుని వెనక్కి వాల్చండి. నిటారుగా ఉన్నదానికి రాయి పూర్తి బలంతో తగులుతుంది, వాలుగా ఉన్నదాని మీద జారిపోతుంది.

ప్రశ్న: సెషన్ల మధ్య ప్రెషర్ వాషర్‌తో కడగొచ్చా?
- వేళచ్చేరి

జవాబు: ఫిన్లు కాగితంలా మడతపడతాయి, వద్దు. జాలీ విప్పి, మామూలు పైపుతో వెనకనుంచి ముందుకి, వచ్చిన దారినే చెత్త బయటికి పోయేలా నీళ్లు పట్టండి. ఎయిర్ గన్ అయితే 2 బార్ దాటకుండా, కోర్‌కి నిటారుగా. నలిగిన ఫిన్లని ఫిన్ కోంబ్‌తో (ఫిన్లని సరిచేసే దువ్వెనతో) లేపండి. ఇంకో సంగతి, జాలీకి రాయికన్నా పెద్ద శత్రువు పల్చటి ప్లాస్టిక్. హెల్మెట్ వైజర్ మీదనుంచి పీకి పారేసే పొరలు, కవర్లు జాలీకి అతుక్కుని గాలిని బంద్ చేస్తాయి. 2022 బెల్జియం గ్రాండ్ ప్రిలో ఫెరారీ డ్రైవర్ లెక్లెర్క్ కారు బ్రేక్ డక్ట్‌లో అలాంటి పొరే ఇరుక్కుని మొదట్లోనే పిట్‌కి రావాల్సి వచ్చింది. కారు పిట్‌లోకి వచ్చిన ప్రతిసారీ ఒకరు ముక్కు దగ్గర వంగి చూడాలి.

ప్రశ్న: చిల్లు పడితే గేజ్ చూసి కనిపెట్టొచ్చుగా?
- పెరంబూరు

జవాబు: గేజ్ మోసం చేస్తుంది. నీళ్లు కారిపోయాక సెన్సర్ ఆవిరిలో, గాలిలో మిగిలిపోతుంది. ఇంజన్ కాలిపోతుంటే ముల్లు కిందికి దిగొచ్చు. అందుకే నీళ్ల ఒత్తిడి చూసే సెన్సర్ ఒకటి, దానికో ఎర్ర లైటు పెట్టండి. చిల్లు పడగానే ముందు పడిపోయేది ఒత్తిడే. లైటు వెలిగితే ల్యాపు పూర్తి చేద్దామనుకోకుండా ఇంజన్ ఆపేయాలి. లీకేజీ పొడి పోయొద్దు, సన్నటి ట్యూబుల్ని అదే పూడుస్తుంది. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడటానికి ఒక రాత్రి పడుతుంది, రెండు రేసుల మధ్య పని కాదు. పుదుపేటలో దొరికే మంచి పాత రేడియేటర్ ఒకటి స్పేర్‌గా ఉంచుకోండి. తెచ్చినరోజే చేతి పంపుతో 1.1 బార్ ఎక్కించి పది నిమిషాలు వదలండి. ముల్లు కదలకపోతేనే ట్రక్కులో ఎక్కించండి.