స్టెయిన్‌లెస్ స్టీలు పలకకు రంధ్రం పడకపోతే

స్టెయిన్‌లెస్ స్టీలు పలకకు రంధ్రం పడటం లేదని, బిట్లు (డ్రిల్‌కు బిగించే కోసే మొనలు) నాసిరకమైనవేమోనని అడిగారు. కాకపోవచ్చు. డ్రిల్ వేగం ఎక్కువ కావడమే అసలు కారణం అనిపిస్తోంది. మూడు బిట్లు మొద్దుబారినా పలకపై మెరిసే చుక్క తప్ప ఏమీ మిగల్లేదని రాశారు. ఆ మెరుపే ఆనవాలు: బిట్ కోయకుండా ఊరికే రాసుకుంటే స్టెయిన్‌లెస్ స్టీలు అక్కడికక్కడే గట్టిపడిపోతుంది.

1. ముందువైపు గట్టిపడిపోయింది కాబట్టి పలకను తిరగేసి, వెనుకవైపు నుంచి మొదలుపెట్టండి.

2. 6 మి.మీ. బిట్‌కు వేగం నిమిషానికి 600 చుట్లు దాటనీయకండి.

3. చాలామంది మరిచేది ఒత్తిడి. ట్రిగ్గర్ నొక్కే ముందే బిట్‌ను గట్టిగా అదిమి, తురుము సన్నని చుట్టలుగా వస్తున్నంతసేపూ ఆ ఒత్తిడిని సడలించకుండా ఉంచాలి. చుట్టలు పోయి పొడి రాలడం మొదలైతే వెంటనే ఆపేయాలి.

4. మధ్యమధ్య నూనె చుక్కలు వేయండి, వంటనూనె అయినా ఫరవాలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో కొత్త బిట్ కొనేటట్లయితే, 5 శాతం కోబాల్ట్ ఉండే ఎం35 రకం అడగండి.