బెంగళూరులో ఆటిజం బాబుకు థెరపీ ఇంగ్లీషులో అవుతోంది, ఇంట్లో తెలుగు మానేయాలా?

మానక్కర్లేదండీ. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు ఇంకా ఆలస్యమవుతాయని పరిశోధనల్లో తేలలేదు. పైగా అమ్మ తనకు సరిగా రాని ఇంగ్లీషులో ముక్తసరిగా మాట్లాడితే, బాబుకు రోజంతా వినపడే మాటలే తగ్గిపోతాయి.

మా అక్క కొడుక్కీ ఇలాంటి ఇబ్బందే వచ్చింది. వాడు ఇంట్లో "పెరుగన్నం" అని చక్కగా అడుగుతాడు, సెంటర్‌లో ఇంగ్లీషులో అడిగితే మాట్లాడలేదని మాటలే రావని రాసేశారు, అది చూసి అక్క రాత్రంతా ఏడ్చింది. అందరికీ ఒకే భాషలో ఒకే పరీక్ష పెట్టడం సమానత్వం కాదు. బాబుకు వచ్చిన తెలుగు మాటల లిస్టు రాసి థెరపిస్టుకు ఇవ్వండి, అంచనా వేసేటప్పుడు మీరూ పక్కనే ఉంటామని గట్టిగా అడగండి.

ఇక కాగితాల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, దేశమంతా చెల్లుతుంది, ఆంధ్రాలో తీసుకున్నా సరే. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా 1 లక్ష రూపాయల వరకు వస్తుంది, థెరపీ ఖర్చులకూ పనికొస్తుంది, ఇది మాత్రం వదులుకోకండి.