ప్రొటీన్ పొడి తాగితే షుగర్ మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 52. ఏడేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వేసుకుంటున్నాను. అమైనో ఆమ్లాలు క్లోమంలో ఇన్సులిన్‌ను పెంచుతాయి కనుక, రోజూ ప్రొటీన్ పొడి తాగితే మాత్రలు అక్కర్లేదని జిమ్‌లో ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మాంసకృత్తులు (ప్రొటీన్లు) జీర్ణమైతే వచ్చే అమైనో ఆమ్లాలు ఇన్సులిన్‌ను పెంచుతాయన్నది నిజమే. 1960లలోనే అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఆరోగ్యవంతుల రక్తనాళాల్లోకి వీటిని ఎక్కించి ఆ సంగతి నిరూపించారు. మాత్రలు అక్కర్లేదన్నది మాత్రం నిజం కాదు.

భోజనం తర్వాత క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణం గ్లూకోజ్‌ను ఇంధనంగా వాడుకుని, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. ఏటీపీ పెరిగినప్పుడు కణం పొరలోని పొటాషియం మార్గాలు మూసుకుపోయి, పొర విద్యుత్ స్థితి మారి, కాల్షియం లోపలికి రావడంతో, అక్కడ నిల్వ ఉన్న ఇన్సులిన్ రక్తంలోకి విడుదలవుతుంది. అమైనో ఆమ్లాలు ఈ దారిలో తలా ఒక చోట వచ్చి కలుస్తాయి. వాటిలో ఒకటైన ల్యూసిన్, గ్లూటమేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమును ఉత్తేజపరచి ఏటీపీని పెంచుతుంది. (జన్యులోపం వల్ల ఈ ఎంజైము అతిగా పనిచేసే పసిపిల్లలకు మాంసకృత్తులు తిన్నాక షుగర్ ప్రమాదకరంగా పడిపోతుందంటే, దీని బలం ఎంతటిదో ఊహించుకోవచ్చు.) మరో అమైనో ఆమ్లం ఆర్జినిన్‌కు ధనావేశం ఉంటుంది కనుక, అది కణంలోకి ప్రవేశించడంతోనే పొర విద్యుత్ స్థితి మారుతుంది, అయితే గ్లూకోజ్ తోడు లేనప్పుడు దాని ప్రభావం స్వల్పమే.

జిమ్‌లో మీకు చెప్పని విషయం ఇంకొకటి ఉంది. ఇవే అమైనో ఆమ్లాలు పక్కనున్న ఆల్ఫా కణాల నుంచి గ్లూకగాన్ అనే హార్మోనును కూడా విడుదల చేయిస్తాయి, అది కాలేయం చేత గ్లూకోజ్‌ను బయటికి పంపిస్తుంది. ఒట్టి గుడ్లు తిన్నా మనకు షుగర్ పడిపోయి కళ్లు తిరగకపోవడానికి ఇదే కారణం. టైప్ 2 షుగర్ ఉన్నవారిలో గ్లూకగాన్ ముందే అదుపు తప్పి ఉంటుంది కనుక, పెరిగిన ఇన్సులిన్ వల్ల కలిగే లాభంలో కొంత అక్కడే హరించుకుపోతుంది. పైగా మీ గ్లిమెపిరైడ్ మూసేది ఆ పొటాషియం మార్గాలనే, అదీ ఏ పొడీ చేయలేనంత గట్టిగా. మెట్‌ఫార్మిన్ ప్రధానంగా కాలేయంలో చేసే పనికి అమైనో ఆమ్లాలు ప్రత్యామ్నాయం కానే కావు.

మాంసకృత్తుల వల్ల మీకు మేలు లేదని కాదు. అన్నం కంటే ముందు గట్టి పప్పో, గుడ్డో, చేపో తింటే జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, ఇన్సులిన్ విడుదలకు తోడ్పడే జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోను కూడా పెరుగుతుంది, ఫలితంగా భోజనానంతర షుగర్ కొంత తగ్గుతుంది. పప్పుచారు నీళ్లను మాత్రం ఈ లెక్కలో వేయకండి. మాంసకృత్తులను బాగా పెంచాలనుకుంటే ముందుగా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకుని మీ వైద్యునికి చూపించండి. గ్లిమెపిరైడ్ వేసుకుని, అన్నం మానేసి, పొడి ఒక్కటే తాగే ప్రయోగం అసలు చేయవద్దు, షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది.