‘చచ్చిపోయాయంట’ అని ఎక్కడ రాయాలి?

మల్లేశ్వరం, బెంగళూరు
ఆదివారం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన చెరువు రిపోర్ట్ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్‌లో, కళ్లజోడు తుడుచుకుంటూ. రెండోసారి ఎనిమిదో క్రాస్‌లో ప్రింట్ తీయించుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని. 34 పేజీలు. తెరవగానే 1537లో కెంపేగౌడ బెంగళూరు కోట కట్టడం మొదలుపెట్టాడు. మూడో పేజీ దాకా ఆయన కదల్లేదు. నువ్వు నీళ్ల దగ్గరికి వచ్చేసరికి పదో పేజీ అయింది. అసలు సంగతి మాత్రం 22వ పేజీలో ఒక టేబుల్ అడుగున, చిన్న అక్షరాల్లో దాక్కుంది: రాజకాలువ, అంటే వాననీటి పెద్ద కాలువ, చెరువులో కలిసే చోట, ఉదయం ఆరింటికి, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 1.8 మిల్లీగ్రాములే.

నిన్ను కోప్పడే హక్కు నాకు లేదులే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేనూ ఇదే పని చేశాను. ఫ్యాక్టరీలో ఒక పంపు బేరింగ్ వేడెక్కుతోందని, వారంలోపు మార్చకపోతే ఆగిపోతుందని రాశాను. రాసింది 11వ పేజీలో. మొదటి పది పేజీల్లో పంపు ఎవరు తయారుచేశారు, ఎప్పుడు బిగించారు, దాని కెపాసిటీ ఎంత అని నాకు తెలిసిందంతా ఒలకబోశాను. మేనేజరు మొదటి పేజీ చదివి సంతకం పెట్టి పక్కన పెట్టారు. తొమ్మిదో రోజు రాత్రి షిఫ్ట్‌లో పంపు నిలిచిపోయింది. ‘రాశాను కదా సార్’ అన్నాను. ‘ఎక్కడ?’ అన్నారాయన. వేలు పెట్టి చూపించడానికి నాకే కాసేపు పట్టింది.

కాబట్టి 22వ పేజీలోది మొదటి పేజీకి తే. కెంపేగౌడను సాగనంపు. చదివేవాళ్లకు ముందు తెలియాల్సింది నాలుగే నాలుగు వాక్యాలు: ఏం కనిపించింది, ఎక్కడ, ఎప్పుడు, దానికి ఏం చేయమంటున్నావు. చేపలున్న నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కనీస పరిమితి లీటరుకు 4 మిల్లీగ్రాములు. ఆ అంకె కూడా నీ 1.8 పక్కనే ఉండాలి. పక్కన కొలబద్ద లేని అంకె చూసి అది తక్కువో ఎక్కువో ఎవరు చెప్పగలరు?

ఇంకో తప్పు ఇంతకన్నా పెద్దది. ఉదయం 1.8 వచ్చింది, మధ్యాహ్నం మూడింటికి అదే చోట 4.6 వచ్చింది. నువ్వు రెండూ కలిపి సగటు 3.2 అని సారాంశంలో రాశావు. తల్లీ, పగలు నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. రాత్రంతా ఆ నాచూ, చేపలూ, మురుగును కుళ్లబెట్టే బాక్టీరియా అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందుకే తెల్లవారేసరికి అడుగంటుతుంది. చేప సగటు మీద బతకదు కదా! ఆ రెండు అంకెల మధ్య తేడాయే నీ రిపోర్ట్‌లో ఉన్న అసలు కథ. సగటు తీసి దాన్ని నువ్వే పాతిపెట్టావు. అలాగే ‘40 శాతం నమూనాల్లో’ అన్నావు. ఉన్నవి ఐదు నమూనాలు. ‘ఐదింటిలో రెండు’ అంటే సరిపోతుంది, నిజాయితీగానూ ఉంటుంది.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. 14వ పేజీలో మూడు వాక్యాలు వరసగా ఉన్నాయి: మురుగు చెరువులో కలుస్తోంది, గత నెల చేపలు చనిపోయాయి, దానికి కారణం ఆక్సిజన్ లేకపోవడం. మూడూ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో. అవి ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి నీకు తేడా తెలియలేదు. మీ అమ్మకు ఫోన్‌లో ఇదే సంగతి ఎలా చెబుతావో ఊహించుకో. ‘మురుగు కలుస్తోంది మా, నేనే చూసినా. పోయిన నెల చేపలు చచ్చిపోయాయంట, వాచ్‌మన్ చెప్పినాడు. ఆక్సిజన్ లేక చచ్చిపోయుంటాయి.’ చూశావా? చూసింది, విన్నది, ఊహించింది, మూడింటికీ మూడు తోకలు. మన అనంతపురంలో ‘అంట’ లేకుండా వాచ్‌మన్ మాట చెబితే అవతలివాళ్లు వెంటనే ‘నువ్వు చూసినావా?’ అని నిలదీస్తారు. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు. అక్కడ ఎవరు చెప్పారో, ఏ ఆధారంతో అనుకుంటున్నావో నువ్వే పని పెట్టుకుని రాయాలి. ఆఫీసు రిపోర్ట్ ఇంగ్లీషులోనే ఇవ్వాలి, తప్పదు. కానీ ప్రతి వాక్యాన్నీ ఒకసారి తెలుగులో అనుకో. నోటికి ‘అంట’ వచ్చిందా, అది వాచ్‌మన్ మాట అని రాయి. ‘ఉంటుంది’ వచ్చిందా, అది నీ అంచనా, విడిగా పెట్టి కారణం చెప్పు.

ఇదే పద్ధతిలో ఇంకో దొంగ కూడా దొరుకుతాడు. ‘ఇట్ వాజ్ డిసైడెడ్’ అని రెండుచోట్ల రాశావు. తెలుగులోకి తెస్తే ‘నిర్ణయించబడింది’. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? ‘పెళ్లి నిర్ణయించబడింది’ అంటే మీ అమ్మమ్మ ‘ఎవురు నిర్ణయించింది?’ అని అడిగేది. ‘బడింది’ వచ్చిన ప్రతిచోటా ఒక మనిషి తప్పించుకున్నాడని లెక్క. కాలేజీలో నమూనా ఎలా తీశారో రాసే భాగానికి ఆ పద్ధతే కావాలంటారు, అక్కడ సరే, మీ గైడ్‌తో పోట్లాడకు. సిఫారసుల్లో మాత్రం వద్దు.

సిఫారసులంటే గుర్తొచ్చింది. ‘చెరువు సంరక్షణకు తగిన చర్యలు తీసుకోవాలి’ అని ముగించావు. తగిన చర్యలు అనే మాటను చూస్తే నాకు చిరాకు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఇంటిపేరులో మోక్షగుండం అనే తెలుగూరును మోసుకుని తిరిగిన మన బెంగళూరు పెద్దాయన. ఆయన తగిన చర్యలు తీసుకోమని రాసి రైలెక్కలేదు. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టమన్నారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నీ చెరువు అంత పెద్దది కాదు, నువ్వు అడిగేదీ చిన్నదే. ఏ గట్టు దగ్గర, ఏ పైపు నుంచి వస్తున్న మురుగును, ఎవరు, ఏ లోపు ఆపాలో రాయి. చదివినవాడు సోమవారం పొద్దున ఎవరికో ఒకరికి ఫోన్ చేయగలగాలి.

ఒకే రిపోర్ట్‌ను కాలేజీకీ ఆఫీసుకీ ఇవ్వకు. మీ గైడ్‌కు మీటర్ ఎప్పుడు సరిచూశావు, ఎంత లోతు నుంచి నీళ్లు తీశావు, ఏ గంటకు తీశావు అన్నీ కావాలి. రేపు ఇంకొకరు అదే చోట నిలబడి అదే పని చేసి చూడగలగాలి కదా. ఆఫీసులో అదంతా అనుబంధంలోకి నెట్టెయ్. ముందు రెండు పేజీలు చాలు. ఆ బోర్డర్లు, మూడు రంగుల హెడ్డింగులు తీసేయ్. పెళ్లి కార్డులా ఉంది.

వచ్చే శనివారం రా. మీ అత్త ఓళిగలు చేస్తానంటోంది. వచ్చేటప్పుడు నీ ఫీల్డ్ నోట్‌బుక్ పట్టుకురా. మూడో నమూనా ఏ టైముకు తీశావో టేబుల్‌లో ఖాళీగా ఉంది. నోట్‌బుక్‌లో ఉంటే ఎక్కించు. లేకపోతే ‘సమయం రాసుకోలేదు’ అనే రాయి, గుర్తుకు తెచ్చుకుని నింపకు.

మీ మామయ్య