బంకర్ లేకపోతే గోల్ఫ్ కోర్సు కాదా?

ప్రశ్న: ఇంగ్లాండ్‌లో కింగ్టన్ అని కొండమీద ఒక గోల్ఫ్ కోర్సుందట, అందులో ఒక్క బంకర్ (ఆట కష్టమయ్యేలా తవ్విన ఇసుక గుంట) కూడా లేదట కదండీ. మరి ఆటలో కష్టం ఎక్కడుంటుంది? అంత మారుమూలకి జనం ఎందుకెళ్తారు?

జవాబు: కష్టమంతా కాళ్ళ కింద నేలలోనే ఉందండీ! వేల్స్ సరిహద్దు పక్కన, హియర్‌ఫర్డ్‌షైర్‌లో బ్రాడ్నర్ హిల్ మీద 1,284 అడుగుల ఎత్తున ఉంటుందిది, ఇంగ్లాండ్‌లో 18 హోల్స్ కోర్సుల్లో ఎత్తైనదని పేరు. 1920ల్లో మేజర్ సెసిల్ హచిసన్ డిజైన్ చేశాడు, స్కాట్లాండ్‌లోని గ్లెన్‌ఈగిల్స్ కోర్సు డిజైన్‌లో పేరున్న గోల్ఫర్ జేమ్స్ బ్రెయిడ్‌తో కలిసి పనిచేసినాయన, బంకర్లు తవ్వించడం తెలీక కాదు. సముద్రం ఒడ్డున ఇసుక దానంతటదే ఉంటుంది కాబట్టి అక్కడ బంకర్ అందం, కొండమీదికి ఇసుక మోయించి పోస్తే అది అతుకే. ఆయన ఆ పని చెయ్యకుండా గ్రీన్ల (హోల్ ఉండే నున్నటి గడ్డి చోటు) చుట్టూ గడ్డి దిబ్బలు, పల్లాలతో సరిపెట్టాడు చూడండి, నాకు ఆయన మీద గౌరవం అక్కడే.

బంతి గ్రీన్‌కి రెండు గజాలు ఇవతల పడిందనుకోండి, దిబ్బ ఎక్కీ ఎక్కక ఆగినట్టే ఆగి, మెల్లగా వెనక్కి దొర్లుకుంటూ పల్లంలోకొచ్చి కూర్చుంటుంది. ఇసుకలో పడితే శాండ్ వెడ్జ్ (బంతిని ఇసుకలోంచి పైకి లేపే కర్ర) తీసి లేపడం తప్ప పెద్దగా ఆలోచించేదేం లేదు. ఇక్కడ అలా కాదు, పుట్టర్ అనే చదునుమొహం కర్రతో దొర్లించాలా, 7 ఐరన్ అనే కర్రతో దిబ్బకి కొట్టి ఎగరనివ్వాలా, వెడ్జ్‌తో లేపాలా, మూడూ కుదిరేలాగే కనిపిస్తాయి, తేల్చుకునేసరికి చెమటలు పడతాయి. అసలు మజా అదేనండీ.

పైగా ఏటవాలు. బంతి పాదాలకన్నా ఎత్తులో ఉంటే కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమకి పోతుంది, కిందుంటే కుడికి. గ్రీన్ 30 అడుగులు పైనుంటే దాదాపు 10 గజాలు ఎక్కువ లెక్కేసుకోవాలి, గాలి సంగతి వేరే. గొర్రెలు మేసి మేసి గడ్డి పొట్టిగా ఉంటుంది, వాననీళ్ళు నిలవవు, అందుకని బంతి మనం అనుకున్నచోట ఆగదు, అలా పోయి పోయి నడుమెత్తు బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లో దూరిందా ఇక వెతకడం దండగ.

జనం ఎందుకెళ్తారంటే ఇందుకే. అటు చూస్తే వేల్స్ కొండలు, పక్కన గొర్రెలు, మనిషి చేత్తో మార్చింది తక్కువ. మీరెప్పుడైనా వెళ్తే మాత్రం పుట్ (గ్రీన్ మీద బంతిని హోల్ వైపు దొర్లించే దెబ్బ) కొట్టేముందు గ్రీన్ ఒక్కటే చూడకండి, తలెత్తి కొండ మొత్తం ఎటు వాలిందో చూడండి, సమంగా ఉందనిపించిన పుట్ కూడా చాలాసార్లు అటే తిరుగుతుంది.