‘ఉపగ్రహాన్ని గుర్తించాను’ అనవచ్చా?

సందేహం: “రాత్రి డాబా మీద నుంచి కదిలే చుక్కను చూసి, ‘ఉపగ్రహాన్ని గుర్తించాను’ అని రాశాను. ‘చూశావంతే, గుర్తించలేదు’ అన్నారు మా తెలుగు మాస్టారు. రెండూ ఒకటి కాదా?”

సమాధానం: వాడుకలో దాదాపు ఒకటైపోయాయి. ‘మృతదేహాన్ని గుర్తించారు’ అని వార్త చదివితే, శవం కనబడిందో, ఎవరిదో తెలిసిందో అర్థం కాదు. గుర్తును బట్టి ఫలానా అని తెలుసుకోవడం గుర్తించడం. మీ మాస్టారి పట్టింపు సరైనదే. ఆకాశం విషయంలో అది మరీ అవసరం.

ఉపగ్రహానికి సొంత వెలుగు లేదు. ఎండ దాని మీద పడి మనకు కనిపిస్తుంది. అందుకే పొద్దుగూకిన తర్వాత, తెల్లవారే ముందు ఎక్కువగా కంటబడతాయి. ఎర్రని, పచ్చని దీపాలు మిణుకుమంటే విమానం. రెప్పపాటులో జారి ఆరిపోతే ఉల్క. నిలకడగా సాగి, నడి ఆకాశంలోనే మసకబారి మాయమైతే భూమి నీడలోకి వెళ్లిన ఉపగ్రహం కావచ్చు. అయినా ఇంతవరకూ తెలిసింది జాతే, పేరు కాదు. ఏ చుక్కల మధ్య నుంచి, సరిగ్గా ఏ సమయానికి, ఎటు వెళ్లిందో రాసుకుని కక్ష్యల లెక్కలతో సరిచూస్తేనే పేరు తేలుతుంది. ఔత్సాహికులు ఓపికగా చేసే పని అదే.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్‌ను ప్రయోగించాక, దాన్ని కళ్లారా చూశామని ఎందరో చెప్పుకున్నారు. స్పుత్నిక్ 58 సెంటీమీటర్ల గోళం, మామూలు కంటికి ఆనడం చాలా కష్టం. ఎక్కువమంది చూసింది దానితోపాటు కక్ష్యలో చేరిన రాకెట్ భాగాన్ని. వాళ్లు ఒక వెలుగును చూసిన మాట నిజం, స్పుత్నిక్‌ను గుర్తించారనడం మాత్రం తప్పు. ఉపగ్రహాల జాబితాలో కూడా ఆ రాకెట్‌ది ఒకటో నంబరు, స్పుత్నిక్‌ది రెండో నంబరు!

‘కనిపెట్టాను’ అనకండి, మీరే కొత్తగా కనుగొన్నట్టు ధ్వనిస్తుంది. ‘పోల్చుకున్నాను’, ‘ఆనవాలు పట్టాను’ మంచి తెలుగు మాటలు, నాకు చాలా ఇష్టం కూడా. ‘గుర్తించాను’ అనే రాయాలనుకుంటే ‘గా’ చేర్చండి: “పడమటి నుంచి కదిలే చుక్క కనిపించింది. సమయం, దిక్కు సరిచూసి దాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంగా గుర్తించాను.” సరిచూడకపోతే మొదటి వాక్యంతో ఆపేయండి.